బేసిస్: వంద కిలోల సముద్రపు నీరు

నాకు ఇంజనీరింగులో కెమికల్ బ్రాంచి వచ్చిందని తెలిసినప్పుడు మా కందుకూరు వైపు బంధువులు అది రసాయనశాస్త్రమే కాబోలనుకున్నారు. చేరిన మాలో కూడా చాలామంది అలాగే అనుకున్నాం. 1998లో నెల్లూరికి దగ్గరలోని ఒక కాలేజీలో అడుగుపెట్టిన మా బ్యాచికి ఆ భ్రమను పోగొట్టింది రెండో ఏడాదిలో వచ్చిన కెమికల్ ప్రాసెస్ కాలిక్యులేషన్స్ అనే సబ్జెక్టు. మేము దాన్ని పొట్టిగా సీపీసీ అనేవాళ్ళం. అందులో రసాయన చర్యలు లేకపోలేదు గాని, వాటికి ముందు లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది, లోపల ఎంత నిలిచింది అనే జమాఖర్చు ఉంటుంది. ఆ జమాఖర్చు తేలనిదే తక్కిన ఏ లెక్కా మొదలు కాదు. మూడో ఏడాదిలో, సమీకరణాలను అంకెలతో, కంప్యూటరుతో సాధించే కంప్యుటేషనల్ మెథడ్స్ వచ్చింది. సిలబసులో ఈ రెండింటికీ చుట్టరికం ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు. వేర్వేరు గదుల్లో, వేర్వేరు మాష్టార్లు, వేర్వేరు పుస్తకాలతో చెప్పారు. అవి నిజానికి ఒకే సబ్జెక్టు రెండు భాగాలని నాకు కాలేజీ వదిలే ముందుగాని అర్థం కాలేదు. ఆ అర్థం కావడానికి మా జిల్లాల ఉప్పుమళ్ళు, పొగాకును ఆరబెట్టే బ్యారన్లు, రొయ్యల గుంటలు ఎలా తోడ్పడ్డాయో రాసిపెట్టుకోవాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

సీపీసీ చెప్పిన మాష్టారు చిన్నగంజాం ప్రాంతంవారు. అప్పట్లో అది ప్రకాశం జిల్లా. 2022లో జరిగిన జిల్లాల విభజనతో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, మా కందుకూరేమో అప్పుడు నెల్లూరుకు వచ్చింది. ఆయన మొదటి క్లాసులోనే ఒక సంగతి చెప్పారు. 1915లో అమెరికాలో ఆర్థర్ డి. లిటిల్ అనే ఇంజనీరు, పరిశ్రమ ఏదైనా సరే, దాన్ని విడదీసి చూస్తే ఆరబెట్టడం, మరిగించడం, వడకట్టడం, స్వేదనం చేయడం, నూరడం వంటి కొద్దిపాటి పనులే మళ్ళీమళ్ళీ కనిపిస్తాయని, వాటిని యూనిట్ ఆపరేషన్లుగా విడివిడిగా చదివితే చాలునని ప్రతిపాదించాడట. అంతవరకూ చక్కెర తయారీకి ఒక చదువు, సబ్బుల తయారీకి మరొక చదువు అన్నట్టు సాగిన వ్యవహారం ఆ తర్వాత ఒక శాస్త్రంగా కుదురుకుంది. ఈ చరిత్ర పరీక్షలో రాదని మాకు తెలుసు. కాబట్టి ఎవరూ రాసుకోలేదు. అయితే ఆయన ఆగకుండా, "ఆ లెక్కన మా ఊళ్ళో ఉప్పు చేసే రైతు కూడా మీ సిలబసులోనే ఉన్నాడయ్యా" అని బోర్డు మీద ఒక చతురస్రం గీశారు. దానికి ఒక వైపు బాణం గుర్తు పెట్టి 'సముద్రపు నీరు, 100 కిలోలు' అని, పైన మరో బాణం పెట్టి 'ఆవిరి' అని, కింద ఇంకొకటి పెట్టి 'ఉప్పు' అని రాశారు. చతురస్రం పైన మూలన 'బేసిస్' అని, అంటే లెక్కంతా ఎంత సరుకు మీద నడుస్తుందో ఆ పరిమాణం అని, రాసి దాని కింద రెండు గీతలు కొట్టారు. బేసిస్ రాయని లెక్కను ఆయన దిద్దేవారు కాదు. జవాబు సరిగ్గా వచ్చినా సరే, సున్నా వేసి పక్కన పెట్టేవారు. అది అన్యాయమని అప్పట్లో గొణుక్కున్నాం. ఇప్పటికీ అది కొంచెం అన్యాయమేనని నా అభిప్రాయం గాని, ఆ భయంతో అలవాటైన పని ఇంతవరకూ పోలేదు.

ఆ లెక్కను ఇప్పటికీ కాగితం చూడకుండా చేయగలను. సముద్రపు నీటిలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపితే సుమారు 3.5 శాతం. వాటిలో మనం తినే ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, 2.7 కిలోల దాకా ఉంటుంది. నీరు దాదాపు 26 శాతం ఉప్పును పట్టుకున్నాక గాని గింజ కట్టదు. మడిలోని నీరు తగ్గుతూ వచ్చినా ఉప్పు ఆవిరిగా పోదు కనుక, ఆ 2.7 కిలోలు మొదట ఎంతో చివరా అంతే. ఇలా మారకుండా ఉండే పదార్థాన్ని పట్టుకుని లెక్క నడపడాన్నే మాష్టారు టై కాంపొనెంట్ అని పరిచయం చేశారు. 2.7ను 0.26తో భాగిస్తే 10 కిలోల చిల్లర వస్తుంది. అంటే వంద కిలోల నీటిలో దాదాపు తొంభై కిలోలు ఎండకు ఎగిరిపోయాకే మొదటి గింజ కంటికి కనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన సరుకు జమాఖర్చైన మెటీరియల్ బ్యాలెన్సు వదిలి వేడి జమాఖర్చైన ఎనర్జీ బ్యాలెన్సుకు వచ్చారు. ముప్ఫై డిగ్రీల వద్ద కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళు కావాలి. తొంభై కిలోలకు రెండు లక్షల ఇరవై వేల దాకా అవుతుంది. అంత వేడిని బొగ్గుతో ఇవ్వాలంటే, కిలోకు ఇరవై వేల కిలోజౌళ్ళు ఇచ్చే బొగ్గును రవ్వంత కూడా వృథా కాకుండా కాల్చినా పదకొండు కిలోలు పడుతుంది, దక్కేదేమో మూడు కిలోలైనా నిండని ఉప్పు. "అందుకే మా వాళ్ళు బాయిలరు కొనలేదు" అన్నారాయన, నవ్వకుండా. క్లాసంతా నవ్వింది. సూర్యుడు ఉచితంగా చేసే పనికి విలువ కట్టడం ఎలాగో, పరిశ్రమల్లో ఎవాపరేటర్లను ఒకదాని వెనక ఒకటి పెట్టి ఒకదాని ఆవిరితో మరొకదాన్ని మరిగించే ఏర్పాటు ఎందుకు పుట్టిందో ఆ ఒక్క క్లాసులో తెలిసిపోయింది.

చిన్నగంజాం ఉప్పుమళ్ళను మేము చూడకపోలేదు. విజయవాడ నుంచి వచ్చే పినాకిని రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే తెల్లటి కుప్పలు కనిపిస్తూనే ఉండేవి. ఇటు నెల్లూరు జిల్లాలో ఇసకపల్లి వైపు కూడా ఉప్పు పండుతుంది. చూసిన దానిలో ఇంత లెక్క ఉందని మాత్రం ఎవరమూ అనుకోలేదు. రైతు నీటిని ఒక మడి నుంచి మరొక మడికి ఎందుకు తోడుతాడో మాష్టారు, ఉప్పునీటి చిక్కదనాన్ని కొలిచే బ్యూమీ డిగ్రీలతో చెప్పారు. సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీల దగ్గర మొదలవుతుంది. పదిహేను దరిదాపుల్లో జిప్సం దిగుతుంది. ఇరవై ఐదు దగ్గర ఉప్పు గింజ కడుతుంది. ముప్ఫైకి చేరేలోగా మిగిలిన నీటిని వదిలెయ్యాలి, లేకపోతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీల్చుకుంటుంది. ఆ వదిలేసే చేదునీటిని చూపించి ఆయన పర్జ్ అనే భావనలోకి దింపారు. అమ్మోనియా ఫ్యాక్టరీలో నైట్రోజన్, హైడ్రోజన్ చర్యలో పాల్గొనకుండా మిగిలితే వాటిని తిరిగి రియాక్టరుకే పంపుతారు. కాని గాలితో పాటు వచ్చిన ఆర్గాన్ దేనితోనూ కలవదు గనుక ప్రతి చుట్టుకూ పేరుకుంటూ పోతుంది, కాబట్టి తిరిగి పంపే వాయువులో కొంత భాగాన్ని ఎప్పటికప్పుడు బయటికి వదలాల్సిందే. వదిలిన దానితో పాటు మంచి వాయువు కూడా కొంత పోతుంది. ఎంత వదలాలన్నదే లెక్క. పుస్తకంలో ఈ అధ్యాయం చదివి తల పట్టుకున్నవాళ్ళకు చేదునీటి మడి చూశాక అది తేలికైపోయింది.

మా ఇంటివైపు ఉప్పు లేదు గాని పొగాకు ఉంది. హ్యుమిడిటీ పాఠం వచ్చినప్పుడు మాష్టారు కందుకూరు, ఒంగోలు వైపు పిల్లలను లేపి బ్యారను ఎలా మండిస్తారో చెప్పమన్నారు. మా పెదనాయనకు బ్యారను ఉండేది కనుక నాకు కొంత తెలుసు. పచ్చి ఆకును కర్రలకు గుచ్చి లోపల అంచెలంచెలుగా వేలాడదీస్తారు. మొదట నలభై డిగ్రీలు మించకుండా, చెమ్మ తగ్గకుండా చూస్తూ ఆకు పసుపెక్కే దాకా ఆగుతారు. తర్వాత మెల్లగా వేడి పెంచుతూ, పైన గవాక్షాలు తెరుస్తూ ఆకును ఆరబెడతారు. చివర ఈనె ఎండడానికి డెబ్భై దాకా తీసుకుపోతారు. ఇదంతా కలిపి ఐదారు రోజుల పని. ఆ రోజుల్లో రాత్రిపూట కూడా ఒకరు బ్యారను దగ్గరే పడుకునేవారు. నేను చెప్పినదంతా విని మాష్టారు గాలిలోని వేడికీ చెమ్మకూ ఉన్న సంబంధం చూపే సైక్రోమెట్రిక్ చార్టు తీసి, డ్రై బల్బు, వెట్ బల్బు (మామూలు థర్మామీటరు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే) ఉష్ణోగ్రతల గీతలు కలిసే చోట చుక్క పెట్టి, పెదనాయన చేసిన ప్రతి పనికీ ఆ చుక్క చార్టు మీద ఎటు కదులుతుందో గీసి చూపించారు. గవాక్షం తొందరపడి తెరిస్తే పసుపెక్కకముందే ఆకు పచ్చగా ఎండిపోతుందని పెదనాయన అనేవాడు. ఆలస్యం చేస్తే మచ్చలు పడి నల్లబడుతుందనేవాడు. ఆ రెండు మాటలూ చార్టు మీద రెండు వేర్వేరు దారులు. సెలవుల్లో ఇంటికి వెళ్ళి ఆ చార్టును పెదనాయనకు చూపిస్తే, ఆయన కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇందులో కట్టెల ధర ఎక్కడుంది నాయనా?" అని అడిగాడు. ఎనర్జీ బ్యాలెన్సు అధ్యాయం ఆ తర్వాతే వస్తుందని చెప్పాను.

ఈ లెక్కలన్నీ చేతితో చేసినవే. క్యాసియో కాలిక్యులేటరు, స్టీమ్ టేబుల్సు, గ్రాఫు కాగితాలు, ముక్కు చెక్కిన పెన్సిలు ఉంటే చాలు. పుస్తకాలు కొత్తవి కొనే స్తోమతు మాలో కొద్దిమందికే ఉండేది కనుక, తెల్లవారుజామున రైలెక్కి మద్రాసు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ అంగళ్ళలో పాతవి బేరమాడి తెచ్చుకునేవాళ్ళం. వాటి అంచుల్లో ఎవరో పూర్వ విద్యార్థులు రాసుకున్న జవాబులు కొన్నిసార్లు పుస్తకం వెనక ఇచ్చిన వాటికంటే సరైనవిగా ఉండేవి. గ్రాఫు కాగితానికి పెద్ద పీట వేసినది, కలిసిన ద్రవాలను మరిగించి విడదీసే డిస్టిలేషన్. మెక్కేబ్, థీల్ అనే ఇద్దరు 1925లో చూపిన పద్ధతిలో, సమతాస్థితి వక్రానికీ ఆపరేటింగ్ గీతకూ మధ్య మెట్లు గీసుకుంటూ పోతే, బెంజీనునూ టోలీనునూ విడదీసే కాలమ్‌లో ఎన్ని పళ్ళేలు కావాలో మెట్ల లెక్కే చెబుతుంది. రెండు గీతలూ దగ్గరపడే చోట మెట్లు చీమంత అవుతాయి. అక్కడ పెన్సిలు మొన మొద్దుబారితే పళ్ళేల సంఖ్య మారిపోతుంది. ఆల్కహాలు, నీరు మిశ్రమానికైతే బరువు లెక్కన 95.6 శాతం దగ్గర వక్రమూ వికర్ణమూ ఒకదాన్నొకటి తాకుతాయి, అక్కడ ఎన్ని మెట్లు గీసినా ముందుకు సాగవు. ఇది పెన్సిలు లోపం కాదు, ప్రకృతి గీసిన గీత అని తెలియడానికి ఆ కాగితం మీద చెయ్యి నొప్పి పుట్టేదాకా గీయవలసి వచ్చింది.

వాన్ డర్ వాల్స్ సమీకరణం వచ్చాక కాలిక్యులేటరుతో అవస్థ మొదలైంది. నిజమైన వాయువుల పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణాలను కలిపే 1873 నాటి ఆ సమీకరణంలో ఘనపరిమాణం కావాలంటే ఘన సమీకరణాన్ని సాధించాలి. సీపీసీ క్లాసులో దీన్ని ట్రయల్ అండ్ ఎర్రర్ అనేవారు: ఒక విలువ ఊహించి వేసి చూడడం, తేడా వస్తే కొంచెం జరిపి మళ్ళీ వేయడం. మూడో ఏడాదిలో కంప్యుటేషనల్ మెథడ్స్ చెప్పిన మేడమ్ అదే పనికి న్యూటన్ రాఫ్సన్ అని పేరు పెట్టి, ఎటు జరపాలో, ఎంత జరపాలో వాలు చూసి తేల్చే సూత్రం ఇచ్చారు. గణితంగా చూస్తే అది ఒక పేజీ పని. పరీక్షకూ అంతే సరిపోతుంది. ఆమె అక్కడ ఆగలేదు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం ఇచ్చి, మాలో సగం మందిని ఆదర్శ వాయు సూత్రం ఇచ్చే ఘనపరిమాణంతో మొదలుపెట్టమన్నారు, తక్కిన సగాన్ని అణువులు ఆక్రమించే పరిమాణం కంటే కాస్త ఎక్కువతో మొదలుపెట్టమన్నారు. రెండు జట్లకూ వేర్వేరు జవాబులు వచ్చాయి. మీది తప్పంటే మీది తప్పని రెండు వైపులా వాదన జరిగింది. ఒకటి ఆవిరిది, మరొకటి ద్రవానిది అని, ఈ రెండింటి మధ్య మూడో మూలం కూడా ఉందని, అది గణితానికి సరిపోయినా ఏ సీసాలోనూ నిలవదని ఆమె చెప్పినప్పుడు, సీపీసీలో చేత్తో ఊహించి వేసిన మొదటి విలువకు ఎంత బరువుందో తెలిసింది. మొదట ఏ విలువ ఊహించాలో సమీకరణం చెప్పదు; సీసాలో ఉన్నది ఆవిరో ద్రవమో ముందే తెలిసినవాడు చెప్పాలి.

కంప్యూటరు ల్యాబు గురించి ఎక్కువ చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పులు బయట విడవాలి, ఒక్కో మిషను ముందు ముగ్గురు కూర్చోవాలి, కరెంటు పోతే దాచుకోని ప్రోగ్రాము పోతుంది. చెప్పవలసింది మేము ప్రోగ్రాములు రాసిన ఫోర్ట్రాన్ భాష గురించే. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం 1957లో విడుదల చేసిన ఆ భాషను మేము నేర్చుకునే నాటికే బయట పాతబడిందని సీనియర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ప్రతి వాక్యమూ ఏడో గడి నుంచే మొదలు కావాలి, డెబ్భై రెండో గడి దాటకూడదు. పంచ్ కార్డులు పోయి ఎంతో కాలమైనా వాటి కొలతలు మాత్రం మిగిలాయి. అంతకంటే ప్రమాదకరమైన ఆచారం ఇంకొకటుంది. పేరు ఐ నుంచి ఎన్ వరకు ఏ అక్షరంతో మొదలైనా, మనం వేరుగా చెప్పకపోతే, అది పూర్ణాంకమే అని భాష తీర్మానించుకుంటుంది. నీటిలోకి ఆక్సిజన్ ఎంత వేగంగా కరుగుతుందో చెప్పే గుణకాన్ని పుస్తకాల్లో కె.ఎల్.ఏ. అంటారు. అదే పేరు ప్రోగ్రాములో పెట్టి 0.5 అని విలువ ఇస్తే, దశాంశం తెగిపోయి సున్నా మిగులుతుంది. ప్రోగ్రాము ఏ తప్పూ చూపించకుండా నడుస్తుంది, ఆక్సిజన్ మాత్రం తెల్లవార్లూ కదలకుండా మొదటి అంకె దగ్గరే నిలబడుతుంది. మేడమ్ ఈ సంగతి ముందుగా చెప్పకుండా మాతో ఒక ల్యాబు మొత్తం అలాగే నడిపించి, చివర్లో "గాలి చక్రాలు తిరుగుతున్నాయి కదా, నీళ్ళలో ఆక్సిజన్ ఎందుకు పెరగడం లేదు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఫోర్ట్రాన్ పుస్తకంలో వెతికినవాళ్ళకంటే, రొయ్యల గుంట గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకే ముందు అనుమానం వచ్చింది.

గుంట గట్టు అని ఊరకే అనలేదు. మా బ్యాచిలో అల్లూరు వైపు నుంచి వచ్చిన మిత్రుడి ఇంట్లో టైగర్ రొయ్యలు సాగు చేసేవారు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి పీలుస్తుంది, అందువల్ల తెల్లవారే ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కంటే దిగజారితే రొయ్య ఇబ్బంది పడుతుందని, ఆ వేళకు ఏరియేటర్లు, అంటే నీటిలోకి గాలి కలిపే చక్రాలు, తిరుగుతూ ఉండకపోతే పంట మీద ఆశ వదులుకోవలసిందేనని వాడు చెప్పేవాడు. మేడమ్ అదంతా విని దాన్నే మా ప్రాజెక్టుగా చేయమన్నారు. గుంటను ఒక చతురస్రంగా గీయగానే నాకు సీపీసీ మాష్టారి ఉప్పుమడి కనిపించింది. లోపలికి వచ్చేది, బయటికి పోయేది, లోపల పుట్టేది, లోపల ఖర్చయ్యేది. ఉప్పుమడిలో కాలం ప్రసక్తి పెద్దగా లేదు, ఇక్కడ గంట గంటకూ మారుతుంది, ఉన్న తేడా అంతే. కాలం వచ్చేసరికి అది అవకలన సమీకరణం అయింది, అందుకు దాన్ని అడుగు అడుగుగా సాధించే పద్ధతులు చెప్పిన ఆయిలరు, రుంగే, కుట్టా కావలసి వచ్చారు.

ఆయిలరు పద్ధతిని మేడమ్ ఒక చిన్న లెక్కతో పరిచయం చేశారు. నీరు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 7 మిల్లీగ్రాములు, ఇప్పుడున్నది 3, గుణకం గంటకు 0.5 అనుకోమన్నారు. నిజమైన గుంటకు ఆ గుణకం చాలా ఎక్కువేగాని, బోర్డు మీద చూడడానికి అనువుగా ఉంటుంది. గంటకొక అడుగు చొప్పున వేస్తే 3 తర్వాత 5, ఆపైన 6, 6.5 అంటూ వరుసగా ఏడు వైపు సాగింది. అదే అడుగును ఐదు గంటలు చేస్తే మొదటి అడుగులోనే 13 వచ్చింది, రెండో అడుగులో మైనస్ 2, మూడో అడుగులో 20.5. లీటరు నీటిలో సున్నాకంటే తక్కువ ఆక్సిజన్! స్టెబిలిటీ, అంటే లెక్క అదుపు తప్పకపోవడం, అనే మాటను నిర్వచనంతో మొదలుపెట్టి ఉంటే బట్టీపట్టి మరిచిపోయేవాళ్ళం. అడుగు, గుణకాల లబ్ధం రెండు దాటకూడదన్న నియమం ఆ మైనస్ రెండుతోనే మనసుకెక్కింది. రుంగే కుట్టా పద్ధతి ఇంకొంచెం పెద్ద అడుగును కూడా భరిస్తుంది, కాని భరించడం వేరు, నిజానికి దగ్గరగా ఉండడం వేరని ఆమె హెచ్చరించారు. నన్నడిగితే, ఇటువంటి పాఠాన్ని రెండో ఏడాదిలోనే, ఉప్పుమడి లెక్క చేసిన వారమే చెప్పి ఉండవలసింది. ఏడాది పాటు ఒక సబ్జెక్టుకూ మరొక సబ్జెక్టుకూ మధ్య మేము కట్టుకున్న గోడ అసలు లేచేదే కాదు. సిలబసు వేసేవారు దీనికి ఏవో కారణాలు చెబుతారు, అవి నాకు ఇప్పటికీ నచ్చవు.

చివరి ఏడాదిలో 2001 అక్టోబరు 22న ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ లేచినప్పుడు కాలేజీ అంతా డాబా మీదకు చేరింది. సీపీసీ మాష్టారు కూడా వచ్చారు. దాని మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుందని, ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పెర్‌క్లోరేటును, అల్యూమినియం పొడిని రబ్బరు వంటి ద్రవంలో కలిపి, అచ్చుపోసి, గట్టిపడనిచ్చి తయారుచేస్తారని, ఇవి కూడా లిటిల్ చెప్పిన యూనిట్ ఆపరేషన్లేనని ఆయన చెబుతుంటే పొగచార కనబడినంతసేపూ చూస్తూ విన్నాం. తిరిగి క్లాసుకు పోయాక ఆ ఇంధనానికి ఆక్సిజన్ బ్యాలెన్సు వేయమన్నారు. బేసిస్ వంద కిలోలే.

రొయ్యల గుంట ప్రాజెక్టుకు వైవా చేయడానికి బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ప్రోగ్రామును ఆయన పెద్దగా చూడలేదు; రికార్డులో అచ్చువేసిన పట్టిక తెరిచి, తెల్లవారుజాము నాలుగు గంటల వరుస మీద వేలు పెట్టారు. అక్కడ 3.1472 అని ఉంది.

"మీ గుంట దగ్గరున్న మీటరు ఎంతవరకు చూపిస్తుందయ్యా?" అని అల్లూరు మిత్రుణ్ణి అడిగారు.

"ఒక దశాంశం వరకు సార్."

"మరి తక్కిన మూడు అంకెలు ఎవరివి?"

"అవి కంప్యూటరువి సార్."

పెద్దాయన నవ్వి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ మూడు అంకెలనూ కొట్టేసి, కింద సంతకం పెట్టారు.